‘రహస్యం’ ముద్ర: వేసేదెవరు, తీసేదెప్పుడు?

మా నాయన చిత్తూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యారు. పని అయిపోయిన ఫైలును మూసేటప్పుడు అట్ట మీద ఒక పొట్టి మాట రాయడం ఆయన డ్యూటీ. ‘ఎల్.డిస్’ అని రాస్తే ఆ ఫైలుకు ఏడాది ఆయుష్షు, ఆ తర్వాత చించేయొచ్చు. ‘డి.డిస్’ అంటే పదేళ్లు. ‘ఆర్.డిస్’ అంటే శాశ్వతం, రికార్డు రూములో బొద్దింకలతో కలిసి ఉండాల్సిందే. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి నుంచి మన జిల్లా ఆఫీసుల్లో నడుస్తున్న పద్ధతి ఇది. బోరింగు రిపేరు ఫైలైనా సరే, ఆయుష్షు రాయకుండా మూయడానికి లేదు.

అదే ఆఫీసుకు ఇంకో రకం కాగితాలు వచ్చేవట. కవరు లోపల ఇంకో కవరు, దాని మీద లక్క సీలు, ‘కాన్ఫిడెన్షియల్’ అని ముద్ర. తపాలు చూసే గుమాస్తా పై కవరు వరకే విప్పాలి. లోపలిది నేరుగా అధికారి టేబుల్‌కు, అక్కడి నుంచి బీరువాలోకి. అధికారి బదిలీ అయితే బీరువా తాళంచెవి తర్వాత వచ్చినవారికి అప్పగింత. వాటికి ఆయుష్షు ఎవరు రాస్తారని చిన్నప్పుడు అడిగాను. “ఎవురూ రాయర్రా. దానికి తాళముంటాది, తేదీ ఉండదు” అన్నారు.

ప్రభుత్వ రహస్యాల వర్గీకరణను సంస్కరించాలని ఢిల్లీలో ఏళ్ల తరబడి ఆగి ఆగి నడుస్తున్న చర్చలో కమిటీలున్నాయి, కోర్టు తీర్పులున్నాయి, సెక్షన్ల నంబర్లున్నాయి. వాటన్నిటి కింద ఉన్న చిక్కు మాత్రం ఆ మాటే. తాళం వేయడానికి మనకు పద్ధతి ఉంది. తీయడానికి ఉన్న పద్ధతి అరకొరగా ఉంది, అది కూడా అందరికీ లేదు.

పేరులో రహస్యం ఉంది, లోపల అర్థం లేదు

ముందుగా చట్టం. బ్రిటిష్ ప్రభుత్వం 1889లో భారతదేశానికి ఒక అధికార రహస్యాల చట్టం చేసింది. కర్జన్ కాలంలో, 1904లో, దాన్ని ఇంకా బిగించారు. 1923లో కొత్తగా రాశారు. ఇప్పటికీ నడుస్తున్నది ఆ 1923 చట్టమే.

అందులో రెండు సెక్షన్లు ముఖ్యం. మూడో సెక్షన్ గూఢచర్యం గురించి. రక్షణ వ్యవహారాలకు సంబంధించిన నేరమైతే పద్నాలుగేళ్ల దాకా జైలు. ఇందులో పెద్దగా పేచీ లేదు, ఏ దేశానికైనా ఇలాంటిది ఒకటి ఉంటుంది. పేచీ అంతా ఐదో సెక్షన్‌తో. అధికార రహస్యాన్ని అనుమతి లేకుండా ఇంకొకరికి ఇచ్చినా, తెలిసి పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు. శత్రువుకే ఇవ్వాలని లేదు. పత్రికకు ఇచ్చినా అంతే, పక్కింటాయనకు ఇచ్చినా అంతే.

మరి అధికార రహస్యం అంటే ఏమిటి? చట్టమంతా వెతికినా దానికి నిర్వచనం దొరకదు. ఏది రహస్యమో చెప్పకుండానే రహస్యం బయటపెడితే శిక్ష అని రాశారు. ఆ ఖాళీని ఆఫీసులోని రబ్బరు స్టాంపు నింపుతోంది.

దీనివల్ల మనిషికి ఏం జరగగలదో చెప్పడానికి ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ కేసు చాలు. 1994లో కేరళ పోలీసులు ఈ చట్టం కింద ఆయన్ను అరెస్టు చేశారు. ఆరోపణల్లో నిజం లేదని సీబీఐ 1996లోనే తేల్చింది. 2018లో సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల పరిహారం ఇమ్మంది. మధ్యలో గడిచినవి 24 ఏళ్లు.

నాలుగు ముద్రలు, వాటి మెట్లు

ముద్రల సంగతి చట్టంలో లేదు. కేంద్ర హోంశాఖ 1994లో తెచ్చిన శాఖాపరమైన భద్రతా సూచనల మాన్యువల్‌లో ఉంది. అంటే పార్లమెంటు చర్చించి ఓటేసిన నియమాలు కావు, ప్రభుత్వం తన ఉద్యోగులకు తాను రాసిచ్చినవి. పుస్తకాల షాపులో దొరికే మాన్యువల్ కూడా కాదు.

మెట్లు నాలుగు. అన్నిటికన్నా పైన టాప్ సీక్రెట్: బయటపడితే దేశ భద్రతకు అసాధారణమైన, తీవ్రమైన నష్టం జరిగేవి. దాని కింద సీక్రెట్: భద్రతకో, దేశ ప్రయోజనాలకో గట్టి నష్టం జరిగేవి, లేదా ప్రభుత్వాన్ని తీవ్రంగా ఇబ్బంది పెట్టేవి. మూడోది కాన్ఫిడెన్షియల్: సంస్థ భద్రతకు, పనితీరుకు చెరుపు చేయగలిగేవి. చివరిది రెస్ట్రిక్టెడ్: ఆఫీసు వాడకానికి మాత్రమే. మిగతావన్నీ మామూలు కాగితాలు.

రెండో మెట్టులో ‘ఇబ్బంది’ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. దేశానికి నష్టం ఒక కొలత. ప్రభుత్వానికి తలవంపులు ఇంకో కొలత. క్షిపణి డ్రాయింగు మొదటిదానికి తగులుతుంది. ఫలానా కాంట్రాక్టు ఎందుకు ఇచ్చారంటూ ఒక అధికారి రాసిన అసమ్మతి నోటు రెండోదానికి మాత్రమే తగులుతుంది. రెండిటికీ ఒకే ముద్ర పడొచ్చు. ఈ చర్చలో సగం వేడి ఈ ఒక్క మాట నుంచే వస్తోందని నాకు అనిపిస్తుంది.

ఇంకో విషయం. ఫైలులో అన్నిటికన్నా పై మెట్టు కాగితం ఏదో, ఫైలంతటికీ ఆ ముద్రే వర్తిస్తుంది. రెండొందల పేజీల ఫైలులో ఒక్క పేజీ సీక్రెట్ అయితే అట్ట మీద సీక్రెట్ అనే పడుతుంది. తిరుమల కొండెక్కేటప్పుడు బ్యాగులో ఒక్క అగ్గిపెట్టె ఉందని బ్యాగు మొత్తం పక్కన పెట్టించినట్టు.

సమాచార హక్కు వచ్చాక ఏం మారింది

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అక్టోబరు 12 నుంచి, అప్పటి జమ్మూకశ్మీర్ తప్ప, దేశమంతా అమలు. రహస్యాల విషయంలో ఈ చట్టం చేసిన మార్పు పెద్దదే, కానీ చాలామంది దాకా చేరలేదు.

ఈ చట్టంలో ‘కాన్ఫిడెన్షియల్ ముద్ర ఉంటే ఇవ్వక్కర్లేదు’ అన్న నిబంధన లేదు. ఇవ్వకపోవడానికి కారణాలన్నీ ఎనిమిదో సెక్షన్‌లో విడివిడిగా ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశీ సంబంధాలు, వ్యాపార రహస్యాలు, విచారణలో ఉన్న కేసులు, మంత్రివర్గ పత్రాలు వగైరా. అధికారి వాటిలో ఒకదాన్ని చూపించాలి. ముద్రను చూపిస్తే చాలదు. పైగా, దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కన్నా బయటపెట్టడం వల్ల ప్రజలకు కలిగే మేలు ఎక్కువైతే, 1923 చట్టం ఏం చెప్పినా ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ అంటుంది. రెండు చట్టాలు ఢీకొంటే సమాచార హక్కు చట్టానిదే పైచేయి అని 22వ సెక్షన్ తేల్చేసింది.

ముద్రకు అంత విలువ లేదని కోర్టు కూడా చెప్పింది. పెట్టుబడుల ఉపసంహరణపై తయారైన ఒక కేబినెట్ నోటులోని సంగతులు ప్రచురించాడని ఒక జర్నలిస్టు మీద 1923 చట్టం కింద కేసు పెట్టారు. 2009లో ఢిల్లీ కోర్టు ఆయన్ను విడిచిపెడుతూ, పైన సీక్రెట్ అని రాసినంత మాత్రాన ఏ కాగితమూ రహస్యమైపోదని, లోపలున్న సంగతి చూడాలని అంది.

అయితే కొన్ని సంస్థలు ఈ చట్టం పరిధికే బయట ఉన్నాయి. ఇంటెలిజెన్స్ బ్యూరో, రా, ఈడీ, డీఆర్‌డీవో, 2011 నుంచి సీబీఐ, ఇలా రెండో షెడ్యూలులో ఒక జాబితా ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలైతే వీటికీ మినహాయింపు లేదు. మనవాళ్లు తరచూ పొరబడేది ఒకటుంది: ఇస్రో ఆ జాబితాలో లేదు. శ్రీహరికోటకు దరఖాస్తు పెట్టొచ్చు, జవాబు ఇవ్వాలి.

నిజానికి తిరుపతి చుట్టుపక్కల అంతరిక్ష శాఖను చూస్తే రహస్యం ఎంత వరకు, బహిరంగం ఎంత వరకు అన్నది కళ్లముందే కనిపిస్తుంది. చిత్తూరు రోడ్డు మీద గాదంకి దగ్గర వాతావరణ పరిశోధనశాల ఉంది. అక్కడి రాడార్ పైగాలులను కొలిచి తీసే లెక్కలతో పరిశోధకులు పేపర్లు రాసుకుంటారు. సూళ్లూరుపేట దాటి పులికాట్ మీదుగా పోతే శ్రీహరికోట. గేటు దగ్గర భద్రతా దళాలు, అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు. అదే చోట 2019 నుంచి జనం కూర్చుని రాకెట్ ప్రయోగం చూడటానికి గ్యాలరీ ఉంది. ఎక్కడ గోడ కట్టాలో, ఎక్కడ గ్యాలరీ కట్టాలో ఆలోచించి నిర్ణయించడమే వర్గీకరణ. అన్నిచోట్లా గోడే కడితే అది బద్ధకం.

ఒక ఊహాఫైలు, అరవై పేజీలు

చట్టం కాగితం మీద ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఫైలు ఊహించుకుందాం. సూళ్లూరుపేట దగ్గర భద్రతా అవసరాల కోసం రోడ్డు వెడల్పు చేశారనుకోండి. ఒక రైతుకు అరెకరం పోయింది. పక్క సర్వే నంబరు వాళ్లకు తనకన్నా ఎక్కువ రేటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని కలెక్టరేట్‌లో పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాడు.

ఫైలులో అరవై పేజీలున్నాయి. నలభై ఐదు పేజీలు సర్వే నంబర్లు, పరిహారం లెక్కలు. తొమ్మిది పేజీలు రెండు ఆఫీసుల మధ్య ఉత్తరాలు. నాలుగు పేజీల్లో చెక్‌పోస్టులు ఎక్కడ, గస్తీ ఏ వేళల్లో అన్న వివరాలు. చివరి రెండు పేజీల్లో ‘మొదట నిర్ణయించిన రేటులో పొరపాటు జరిగింది’ అని ఒక అధికారి రాసిన నోటు. అట్ట మీద కాన్ఫిడెన్షియల్.

సమాచార అధికారి అట్ట చూసి ‘ఇది కాన్ఫిడెన్షియల్ ఫైలు, ఇవ్వలేం’ అని జవాబు రాస్తే అది చట్టానికి నిలవదు. చట్టప్రకారం చేయాల్సింది వేరు. గస్తీ వివరాల నాలుగు పేజీలను భద్రత కారణంతో ఆపొచ్చు. పదో సెక్షన్ ప్రకారం ఆపాల్సినవి తీసి పక్కన పెట్టి, మిగతావి ఇవ్వాలి. పరిహారం లెక్కలు ఇవ్వాలి. ఉత్తరాల్లో భద్రతా వివరాలున్న వాక్యాలు నల్లసిరాతో కొట్టేసి ఇవ్వొచ్చు.

మిగిలింది ఆ రెండు పేజీల నోటు. అది దేశ భద్రతకు ఏ రకంగానూ తగలదు, ఆఫీసును మాత్రం ఇరుకున పెడుతుంది. ముద్రల మాన్యువల్ లెక్కలో ఇబ్బందీ, సంస్థ పనితీరుకు చెరుపూ దాచడానికి కారణాలే. సమాచార హక్కు చట్టంలో అధికారుల అభిప్రాయాలు, సలహాలు కూడా సమాచారమే, ఇబ్బంది అన్న కారణంతో ఆపేందుకు లేదు. ఫైలు మీద ముద్ర ఆ నాలుగు పేజీల కోసం పడిందో, ఈ రెండు పేజీల కోసం పడిందో అట్ట చూసి చెప్పలేం. ఎందుకు వేశారో రాయాలన్న నియమం ఉంటే ఆ అనుమానమే ఉండేది కాదు. సంస్కరణ కోరేవాళ్ల మొదటి డిమాండు అదే.

ఇక దరఖాస్తు చూసే అధికారి వైపు నుంచి ఆలోచిద్దాం. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 దాటకుండా జరిమానా, అది కూడా అప్పీళ్లు వినే సమాచార కమిషన్ వేస్తేనే. ఇవ్వకూడనిది ఇస్తే మూడేళ్ల జైలు భయం. మంచి ఉద్దేశంతో ఇచ్చినవారికి రక్షణ ఉందని 21వ సెక్షన్ అంటుంది గానీ, మెడ మీద కత్తి వేలాడుతుంటే సెక్షన్ల మీద ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ కుర్చీలో నేను కూర్చున్నా ‘ఇవ్వలేం’ అనే రాస్తానేమో. ఇది మనుషుల తప్పు కన్నా లెక్క తప్పు. దాచినందుకు శిక్ష చిన్నది, చెప్పినందుకు శిక్ష పెద్దది.

అదే ఫైలుకు మూడు గడియారాలు

ఆ ముద్ర 2005లో పడిందనుకుందాం. ఎప్పుడు పోతుంది?

మొదటి గడియారం 1997 నాటి పబ్లిక్ రికార్డుల నిబంధనలది. వాటికి మూలం 1993 చట్టం. ముద్ర ఉన్న రికార్డులను ఐదేళ్లకోసారి చూసి, అవసరం తీరినవాటి మెట్టు తగ్గించడానికి ఒక అధికారిని నియమించాలి. ఆ లెక్కన 2010లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో, 2025లో చూసి ఉండాలి. కానీ ఈ చట్టం కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల, కేంద్ర సంస్థల రికార్డులకే. మన ఊహాఫైలులోని ఒకే ఉత్తరం నకలు శ్రీహరికోటలో ఉంటే దానికి ఈ గడియారం తిరుగుతుంది. కలెక్టరేట్ బీరువాలో ఉన్న నకలుకు తిరగదు.

రెండోది సమాచార హక్కు చట్టంలోని ఇరవై ఏళ్ల నియమం. ఇరవై ఏళ్ల కిందటి సంఘటనల సమాచారానికి చాలా మినహాయింపులు చెల్లవు. 2005 సంగతి 2025 దాటాక అడగొచ్చు. భద్రత, శాసనసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు, ఈ మూడు మినహాయింపులు మాత్రం ఇరవై ఏళ్ల తర్వాతా నిలుస్తాయి. పైగా ఎవరో ఒకరు అడిగితేనే ఈ గడియారం మోగుతుంది.

మూడోది రక్షణశాఖ 2021 జూన్‌లో ప్రకటించిన విధానం. రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బయటపెట్టాలి, అంతకన్నా పాతవాటిని నిపుణులు చూసి జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) పంపాలి, యుద్ధాల చరిత్ర రాయించాలి. ఇలాంటి విధానం లేకపోవడం లోపమని కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం కమిటీ చెప్పాక రెండు దశాబ్దాలకు వచ్చిన విధానం ఇది. ఆ శాఖ వరకే వర్తిస్తుంది. మన రోడ్డు ఫైలుకు వర్తించదు.

మూడు గడియారాల్లో ఏదీ దానంతటది మోగి ముద్రను చెరిపేయదు. అందుకు పెద్ద సాక్ష్యం 1962 చైనా యుద్ధంలో మన ఓటమిపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ ఇచ్చిన నివేదిక. 1963లో ఇచ్చారు. 2010లో పార్లమెంటులో అడిగితే అందులోని విషయాలు ఇప్పటికీ సైనికంగా పనికొచ్చేవని రక్షణమంత్రి జవాబిచ్చారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ జర్నలిస్టు అందులో పెద్ద భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. లోకం చదివింది. నివేదిక మాత్రం అధికారికంగా రహస్యంగానే ఉంది.

దీనికి ఎదురుగా నేతాజీ ఫైళ్లు. పశ్చిమ బెంగాల్ 2015 సెప్టెంబరులో 64 ఫైళ్లు బయటపెట్టింది. 2016 జనవరి 23న కేంద్రం వంద ఫైళ్లతో మొదలుపెట్టింది. రాజకీయంగా గట్టిగా అనుకుంటే దశాబ్దాల ముద్ర ఒక్కరోజులో పోతుందని తేలింది. అంటే ముద్ర తీయడం ప్రభుత్వాల ఇష్టాయిష్టాల మీద నడుస్తోందనీ తేలింది.

దాచినవి వేరు, మరిచినవి వేరు

చిన్న పక్కదారి. తాళ్లపాక కవుల వేల కీర్తనలున్న రాగిరేకులు తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఒక చిన్న అరలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని బయటికి తీసి, పరిష్కరించి అచ్చు వేశారు. వాటి మీద ఏ రహస్య ముద్రా లేదు. అడిగేవాళ్లు లేక, వెతికేవాళ్లు లేక అలా ఉండిపోయాయి. సర్కారు బీరువాల్లోని ముద్ర ఫైళ్లలో చాలావాటి గతి ఇదేనని నా అంచనా. కుట్రతో దాచినవి కొన్నే ఉంటాయి. తీసి చూసే పని ఎవరికీ అప్పగించక మిగిలిపోయినవే ఎక్కువ. రాగిరేకులు తుప్పు పట్టలేదు, కాగితానికి ఆ భాగ్యం లేదు.

మన జీవోల గొడవ

రహస్యం అనగానే ఢిల్లీ వైపు చూస్తాం గానీ, మన రాష్ట్రంలో జనానికి దగ్గరగా తగిలింది జీవోల గొడవే. ప్రభుత్వ ఉత్తర్వులను వెబ్‌సైట్‌లో పెట్టే అలవాటు ఉమ్మడి రాష్ట్రం నుంచీ ఉంది. నంబరు కనిపిస్తుంది, తెరిస్తే లోపల ఏమీ ఉండదు, లేదా కాన్ఫిడెన్షియల్ అని ఒక్క మాట ఉంటుంది. ఇలాంటి ‘బ్లాంక్ జీవో’ల మీద చాలాసార్లు రగడ జరిగింది. 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం ఆ సైట్‌లో జీవోలు పెట్టడమే ఆపేసింది. 2024 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ ఆగస్టు చివర మళ్లీ పెట్టడం మొదలుపెట్టింది. రహస్య జీవోల మీద ఆరోపణలు మాత్రం ఏ పార్టీనీ వదల్లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు జీవో అడగడం, కుర్చీ ఎక్కాక బీరువా తాళం తడుముకోవడం మనం చూస్తున్నదే.

జీవోను కాన్ఫిడెన్షియల్ అనడానికి ఏ కొలత? పోలీసు ఇంటెలిజెన్స్ విభాగానికి పరికరాల కొనుగోలు అయితే అర్థం ఉంది. ఒక అధికారి విదేశీ పర్యటన ఖర్చుకు? ఈ రెండిటినీ వేరుచేసే గీత ఎక్కడుందో మామూలు పౌరుడికి తెలిసే దారి లేదు.

ఏం మార్చమంటున్నారు, ఎందుకు కుదరదంటున్నారు

లా కమిషన్ 1971లోనే తన 43వ నివేదికలో దేశ భద్రతా నేరాల చట్టాలన్నీ ఒకచోటికి చేర్చమంది. 2006లో వీరప్ప మొయిలీ నాయకత్వంలోని రెండో పాలనా సంస్కరణల సంఘం ఇంకా ముందుకు పోయింది: 1923 చట్టాన్ని రద్దు చేయండి, గూఢచర్యం వగైరాలను జాతీయ భద్రతా చట్టంలో ఒక అధ్యాయంగా చేర్చండి, సమాచార హక్కు చట్టం మినహాయించిన సమాచారానికే ముద్ర వేయండి, ఏ మెట్టు ముద్రకు ఏ ర్యాంకు అధికారి కావాలో తేల్చండి. రద్దు సిఫారసును ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2015లో నేతాజీ ఫైళ్ల గొడవ నేపథ్యంలో కేంద్రం అధికారులతో ఒక కమిటీ వేసింది. చట్టం ఇంకా అక్కడే ఉంది.

వద్దనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఒక్కో కాగితం విడిగా చూస్తే అమాయకంగా ఉంటుంది, వందింటిని పక్కపక్కన పేరిస్తే శత్రువుకు ముగ్గు మొత్తం కనిపిస్తుందని భద్రతా నిపుణులు అంటారు. కాంట్రాక్టు బిల్లు, డీజిల్ లెక్క, సెలవుల పట్టిక, వీటిని కలిపితే ఒక స్థావరంలో ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. రెండో మాట: తాము రాసే నోటు రేపు పేపర్లో వస్తుందంటే అధికారులు నిజం రాయరు, మాటల్లో చెప్పి వదిలేస్తారు, అప్పుడు చరిత్రకు అసలు కాగితమే మిగలదు. మూడోది, వేరే దేశం నమ్మకంతో ఇచ్చిన సమాచారాన్ని మన ఇష్టప్రకారం బయటపెట్టలేం. నాలుగోది మామూలు మాటే గానీ అన్నిటికన్నా బరువైనది: లక్షల ఫైళ్లు పేజీ పేజీ చదివి తేల్చడానికి మనుషులేరి?

అటువైపు వాళ్ల జవాబు: అన్నీ రహస్యమే అయితే ఏదీ రహస్యం కాదు. రోజుకు నలభై కాన్ఫిడెన్షియల్ కవర్లు చూసే అధికారి నలభై ఒకటోదాన్ని కూడా టీ కప్పు కింద పెడతాడు. ముద్రలు తగ్గితేనే నిజమైన రహస్యానికి కాపలా గట్టిపడుతుంది. మనుషులు లేరన్న మాటకు వాళ్లు చూపించేది తేదీని. ముద్ర వేసేటప్పుడే గడువు రాస్తే, గడువు తీరాక పొడిగించాలనుకున్నవాళ్లే చదివి కారణం రాయాలి. పని భారం తీసేవాళ్ల మీద నుంచి దాచేవాళ్ల మీదికి మారుతుంది. నాకు ఈ వాదన నచ్చడానికి మా నాయన ఎల్.డిస్, డి.డిస్‌లు ఒక కారణం కావచ్చు. అరవై రకాల పనుల మధ్య ఒక గుమాస్తా ఆయుష్షు రాయగలిగినప్పుడు కార్యదర్శి స్థాయి వాళ్లకు కుదరదంటే నమ్మబుద్ధి కాదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. బోరింగు రిపేరు ఫైలును ముందే చించేస్తే పెద్దగా పోయేదేమీ లేదు. గూఢచారి పేరున్న ఫైలు ఒక్కరోజు ముందు తెరిస్తే ఒక ప్రాణం పోవచ్చు.

అమెరికాలో గడువు పద్ధతి ఉంది. ఒబామా 2009 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ముద్ర వేసే అధికారి ఏ నష్టం జరుగుతుందో చెప్పగలగాలి, గడువు రాయాలి. చారిత్రక విలువ ఉన్న రికార్డులు 25 ఏళ్లకు దానంతటవే బయటికి రావాలి, కొన్ని మినహాయింపులతో. తప్పు కప్పిపుచ్చడానికో, ఇబ్బంది తప్పించుకోవడానికో ముద్ర వేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. మన మాన్యువల్‌లో ముద్రకు కారణమైన మాట అక్కడ నిషేధంలో ఉందన్నమాట. అంతమాత్రాన అక్కడ అతిరహస్యం పోయిందని కాదు. ముద్రలు మితిమీరాయని 1997లో అక్కడి ప్రభుత్వ రహస్యాల మీద వేసిన మొయినిహాన్ కమిషన్ చెప్పింది, ఆ ఫిర్యాదు ఇప్పటికీ ఆగలేదు. బ్రిటన్ 2014లో మెట్లను మూడుకు కుదించింది. మనకు 1923 చట్టం నేర్పిన దేశం తన పాత చట్టాలను 2023లో కొత్త చట్టంతో మార్చేసుకుంది.

చివరికి కవరు విప్పేదెవరు

1975లో రాజ్ నారాయణ్ కేసులో ప్రధాని పర్యటనల భద్రతకు సంబంధించిన ‘బ్లూ బుక్’ మీద వివాదం వచ్చింది. ప్రభుత్వ పనులు తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని సుప్రీంకోర్టు అప్పుడే అంది. 2019 ఏప్రిల్‌లో రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో, పత్రికలో వచ్చిన సీక్రెట్ పత్రాలను చూడొద్దన్న కేంద్రం అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. 2023 ఏప్రిల్‌లో మీడియావన్ చానెల్ కేసులో జాతీయ భద్రత అన్న మాటను గాలిలోంచి తీసి వాడలేరని చెప్పింది, సీల్డ్ కవర్ పద్ధతిని తప్పుపట్టింది. తీర్పులన్నీ ఒకే దిక్కుకు నడుస్తున్నాయి. కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగే ఫైళ్లు ఎన్ని?

ఈలోగా ఇంకో తలుపు సన్నబడింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచారం నిబంధనను మార్చింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రభుత్వ పనితో సంబంధం ఉంటే ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు వ్యక్తిగతం అంటే చాలు, ఆపొచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న ఉపసెక్షన్ ఇంకా ఉందిగా అని ప్రభుత్వం అంటోంది. మన రైతు అడిగిన పక్క సర్వే నంబరు పరిహారం వ్యక్తిగతమా, ప్రభుత్వ ఖర్చా? రేపటి పేచీలు ఇలాగే ఉంటాయి.

ఆ రైతుకు కాన్ఫిడెన్షియల్ అని జవాబు వచ్చిందనుకుందాం. ముప్పై రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కుదరకపోతే తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. అదే దరఖాస్తు శ్రీహరికోటకు పెట్టి ఉంటే ఢిల్లీలోని కేంద్ర కమిషన్‌కు. కమిషన్లలో ఏళ్ల తరబడి కేసులు పేరుకుపోతాయన్నది నిజమే. అయినా చట్టంలో 18వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ అని ఒకటుంది. విచారణ సమయంలో కమిషన్ ఏ రికార్డునైనా తెప్పించి చూడొచ్చు, ఏ కారణంతోనూ, ఏ చట్టం పేరు చెప్పీ దాన్ని కమిషన్‌కు ఇవ్వకుండా ఆపకూడదు. లక్క సీలున్న లోపలి కవరును, దాన్ని సీలు చేసిన ఆఫీసుతో సంబంధం లేని ఒక మనిషి విప్పి, అరవై పేజీలూ తిప్పి, నాలుగు పేజీలు పక్కన పెట్టి, ఆ రెండు పేజీల నోటు చదవడానికి చట్టం ఇచ్చిన దారి అది.